ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు: కాలేజీ పేరు చూడాలా, వార్డు చూడాలా?

క్లుప్తంగా: నీట్‌లో ర్యాంకు రాని బైపీసీ విద్యార్థుల ఇళ్లలో ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న పేరు ఫిజీషియన్ అసిస్టెంట్. విశాఖలో దీని గురించి ఆరా తీసేవారి ముందుకు కాలేజీకి ఇచ్చే నాక్ గ్రేడు, ఆసుపత్రి బోర్డు, ప్లేస్‌మెంట్ ప్రకటన వస్తాయి. వీటిలో ఏదీ ఈ కోర్సు నాణ్యతను నేరుగా కొలవదు. కోర్సు ముగిశాక దేశమంతటా అందరూ రాసే ఒకే ఎగ్జిట్ పరీక్ష లేదు కాబట్టి, నాణ్యతకు దగ్గరి ఆధారం క్లినికల్ పోస్టింగుల్లోనే వెతుక్కోవాలి. ఆరోగ్య వృత్తుల నియంత్రణకు 2021లో వచ్చిన చట్టం ఈ లోటును తీర్చగలదు, కానీ అమలు నెమ్మదిగా సాగుతోంది.

నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి విశాఖ ద్వారకానగర్‌లో రెండు రకాల రద్దీ కనిపిస్తుంది. మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరేవాళ్లు ఒకవైపు, ఇక చాలు వేరే దారి చూద్దాం అనుకునేవాళ్లు ఇంకోవైపు. ఏటా 20 లక్షల మందికి పైగా రాసే పరీక్షకు దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు 1.2 లక్షల దగ్గర్లోనే ఉన్నప్పుడు ఆ రెండో గుంపు చిన్నదిగా ఉండే అవకాశం లేదు. ఫిజియోథెరపీ, బీఎస్సీ నర్సింగ్, ఫార్మ్‌-డి, ఎంఎల్‌టీ వంటి పేర్లు అందరికీ తెలిసినవే. ఫిజీషియన్ అసిస్టెంట్ అనగానే మాత్రం సందేహాలు మొదలవుతాయి. ఇది డాక్టరు చదువా? మందులు రాయొచ్చా? అమెరికా వెళ్లొచ్చా? అన్నిటికన్నా ముందు, ఏ కాలేజీ మంచిది?

మొదటి మూడు ప్రశ్నలకు సూటి జవాబులున్నాయి. చివరిదానికి లేదు. ఎందుకు లేదో తెలిస్తే తప్ప ఈ కోర్సు సంగతి అర్థం కాదు.

డాక్టరు పక్కనే పని

ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే ఆసుపత్రి వాడుకలో పీఏ, డాక్టరు పర్యవేక్షణలో పనిచేసే వ్యక్తి. రోగి చెప్పేది విని కేస్ షీట్ రాయడం, ప్రాథమికంగా పరీక్షించడం, రౌండ్స్‌లో కన్సల్టెంట్ చెప్పినవి జరిగాయో లేదో చూసుకోవడం, ల్యాబ్ రిపోర్టుల్లో తేడా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయడం, థియేటర్‌లో సాయపడటం, డిశ్చార్జ్ సమ్మరీ తయారుచేయడం, ఇంటికెళ్లిన రోగి ఫాలోఅప్ చూసుకోవడం అతని పని. నర్సు బాధ్యత వార్డును, షిఫ్టును బట్టి ఉంటుంది. పీఏ బాధ్యత ఒక యూనిట్‌ను, ఒక డాక్టరును బట్టి ఉంటుంది. సొంతంగా మందులు రాసే అధికారం భారతదేశంలో పీఏకు లేదు.

ఈ వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. యూజీన్ స్టెడ్ అనే వైద్యాచార్యుడు నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురిని తొలి బ్యాచ్‌గా తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డాక్టర్లను తక్కువ వ్యవధిలో తయారుచేసిన పద్ధతే ఆయనకు నమూనా. 1967లో ఆ బ్యాచ్ బయటికొచ్చింది. యుద్ధనౌకల మీద అప్పటికే గాయాలకు కట్లు కట్టి, కుట్లు వేసి, జ్వరాలు చూసి చేయి తిరిగినవాళ్లు కాబట్టి వాళ్లకు రెండేళ్ల శిక్షణ సరిపోయింది. ఇంటర్ పాసై నేరుగా వచ్చే మన విద్యార్థికి అలాంటి పునాది ఉండదు. ఈ తేడా ముందు ముందు మళ్లీ వస్తుంది.

మన దేశంలో పీఏ శిక్షణ 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. అది గుండె ఆపరేషన్ల విభాగంలో పుట్టడం వెనుక కారణం ఉంది. బైపాస్ సర్జరీలో కాలి నుంచి సిర తీసి సిద్ధం చేయాలి, ఆపరేషన్ తర్వాత ఐసీయూలో గంటగంటకూ కనిపెట్టుకుని ఉండాలి. రోజూ ఒకే తరహాలో, ఒకే క్రమశిక్షణతో జరగాల్సిన పనులివి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో వీటికి పీజీ విద్యార్థులుంటారు. ప్రైవేటు ఆసుపత్రులకు ఆ సైన్యం ఉండదు. అందుకే ఇప్పటికీ పీఏలకు ఉద్యోగాలు కార్డియాలజీ, న్యూరో, ఆర్థో, కిడ్నీ, క్యాన్సర్ విభాగాలున్న ప్రైవేటు ఆసుపత్రుల్లోనే ఎక్కువ. తమిళనాడులో ఈ కోర్సు ప్రభుత్వ వైద్య కళాశాలల దాకా వెళ్లింది. అక్కడి ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం దీనికి డిగ్రీ ఇస్తోంది. విశాఖ నుంచి చెన్నై, బెంగళూరు రైలెక్కే పీఏ విద్యార్థులు కనిపించడానికి ఈ ముప్పై ఏళ్ల చరిత్రే కారణం.

పేరు ఎలా పుడుతుంది

కోర్సు గురించి అడిగితే ఎవరైనా ముందు చెప్పేది నాక్ గ్రేడు. అది సంస్థ మొత్తానికి ఇచ్చేది. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీ అన్నీ ఉన్న ప్రాంగణంలో పాతికమంది చదివే ఒక బీఎస్సీ కోర్సు ఆ గ్రేడును పైకి లేపలేదు, కిందికి లాగలేదు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో వైద్య విభాగం ఉంది గానీ అది చూసేది వైద్య కళాశాలలను. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఆసుపత్రికి సంబంధించినది. రోగి భద్రత, ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ, రికార్డుల నిర్వహణ వంటివి పద్ధతిగా ఉన్నాయా అని అందులో చూస్తారు. అక్కడ విద్యార్థికి ఎవరు ఏం నేర్పుతున్నారన్నది దాని పరిధిలోకి రాదు. వీటిని బట్టి పీఏ కోర్సు బాగుందనుకోవడం, కల్యాణ మండపం బాగుంది కాబట్టి పెళ్లికొడుకూ మంచివాడే అయి ఉంటాడని తేల్చినట్టే.

ఆ తర్వాత వినిపించేది '100 శాతం ప్లేస్‌మెంట్'. ఇది అబద్ధం కాకపోవచ్చు. అనుబంధ ఆసుపత్రి తన ఇంటర్న్‌లనే ఉద్యోగంలోకి తీసుకుంటే ఆ లెక్క తేలిగ్గా కుదురుతుంది. అసలు చూడాల్సింది ఏ హోదాలో తీసుకున్నారన్నది. పీఏగా యూనిట్‌లో చేరినవాళ్లూ, ఫ్లోర్ కోఆర్డినేటర్‌గా, ఇన్సూరెన్స్ డెస్క్‌లో, ఆరోగ్యశ్రీ కేసుల కాగితాలు అప్‌లోడ్ చేసే పనిలో చేరినవాళ్లూ ప్రకటనలో ఒకే అంకె కింద కలిసిపోతారు. ఆ పనులు తక్కువవని అనడం లేదు. వాటికి నాలుగేళ్ల క్లినికల్ శిక్షణ అక్కర్లేదు, అంతే.

పేరుకూ నాణ్యతకూ మధ్య కాలం తేడా కూడా ఉంటుంది. చిన్న కోర్సులు ఒకరిద్దరు శ్రద్ధగల కన్సల్టెంట్ల మీద నడుస్తాయి. రోజూ రౌండ్స్‌లో విద్యార్థులను నిలబెట్టి ప్రశ్నలడిగే సర్జన్ ఒకరు వేరే ఆసుపత్రికి మారితే, శిక్షణ ఆ నెల నుంచే పలచబడుతుంది. కాలేజీ పేరు మాత్రం పాత బ్యాచ్‌ల పుణ్యాన మరో నాలుగైదేళ్లు నడుస్తుంది. దీనికి తలకిందులుగా, మంచి బోధకులు కుదిరిన కొత్త కోర్సుకు ఇంకా ఎవరూ ఉద్యోగాల్లోకి వెళ్లలేదు కనుక పేరే ఉండదు. కార్పొరేట్ ఆసుపత్రులు నగరాల మధ్య డాక్టర్లను తరచూ మార్చుకునే ఈ రోజుల్లో ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. ఐదేళ్ల కిందటి సీనియర్ చెప్పిన మంచిమాట నిజమే అయినా, అది ఐదేళ్ల కిందటి కాలేజీ గురించి చెప్పిన మాట.

అమెరికాలో కొలత ఉంది, అందులోనూ లొసుగుంది

అమెరికాలో పీఏ కోర్సు ఇప్పుడు పీజీ స్థాయిలో ఉంది. డిగ్రీ తర్వాత సుమారు 27 నెలలు చదవాలి. ఏఆర్‌సీ-పీఏ అనే స్వతంత్ర సంస్థ కాలేజీని కాకుండా కోర్సును తనిఖీ చేసి గుర్తింపు ఇస్తుంది. అలాంటి కోర్సులు అక్కడ 300కు పైగా ఉన్నాయి. చదువు పూర్తయ్యాక అందరూ పాన్స్ అనే ఒకే జాతీయ పరీక్ష రాయాలి. 300 ప్రశ్నలు, ఐదు గంటలు. మొదటి ప్రయత్నంలో పాసయ్యేవారి జాతీయ సగటు గత కొన్నేళ్లుగా 92 శాతానికి అటూ ఇటూగా ఉంటోంది. తమ విద్యార్థుల ఐదేళ్ల ఫలితాలను ప్రతి కోర్సూ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. మధ్యలో మానేసినవారి లెక్క కూడా పెట్టాలి. గుర్తింపు ప్రమాదంలో పడి ప్రొబేషన్‌లో ఉంటే అదీ బహిరంగమే.

మానేసినవారి లెక్క ఎందుకన్నది గమనించదగ్గ విషయం. వెనకబడిన విద్యార్థులను చివరి ఏడాదికి ముందే బయటికి పంపేస్తే పాస్ శాతం దానంతటదే పెరుగుతుంది. ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఈ కిటుకు విడమరచి చెప్పాల్సిన పనిలేదు. అందుకే అమెరికన్లు రెండు అంకెలనూ పక్కపక్కనే చూపించమంటారు. 99 శాతం పాస్, కానీ పది మందిలో ఇద్దరు మధ్యలోనే పోయారు అంటే బొమ్మ మారిపోతుంది. పరీక్ష ఒకసారితో ముగిసేదీ కాదు. సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే ప్రతి రెండేళ్లకూ 100 క్రెడిట్ల నిరంతర శిక్షణ చూపించాలి.

మన దగ్గర ఈ మూడూ లేవు. కోర్సును విడిగా తనిఖీ చేసి బహిరంగంగా నివేదించే ఏర్పాటు లేదు, ఒకే జాతీయ పరీక్ష లేదు, మధ్యలో మానేసినవారి లెక్క చెప్పాలన్న నియమం లేదు. పాఠం చెప్పిన విశ్వవిద్యాలయమే ప్రశ్నపత్రం తయారుచేసి, మార్కులు వేసి, డిగ్రీ ఇస్తుంది. డీమ్డ్ వర్సిటీ అయితే ఈ మొత్తం ఒకే ప్రాంగణంలో ముగుస్తుంది. అలాంటప్పుడు రెండు కాలేజీల 80 శాతం మార్కులు ఒకటేనా అని తేల్చే దారి బయటివారికి ఉండదు. కొలత లేని ఆ ఖాళీ జాగాలోకే బ్రోషర్లు, కన్సల్టెన్సీలు, బంధువుల సలహాలు వచ్చి కూర్చుంటాయి.

అమెరికా సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఏఆర్‌సీ-పీఏ గుర్తింపు ఉన్న కోర్సు చదివినవారే పాన్స్ రాయగలరు. మన బీఎస్సీతో ఆ పరీక్షకు అర్హత రాదు. అక్కడ పీఏ కావాలంటే అక్కడి కోర్సులో చేరి మొదటి నుంచీ చదవాల్సిందే. 'అమెరికాలో డిమాండ్ ఉన్న కోర్సు' అన్న ప్రచారంలో ఈ ముక్క తరచుగా జారిపోతుంది.

ఇంటర్న్‌షిప్: చదువా, చాకిరా?

మన దగ్గర బీఎస్సీ పీఏ సాధారణంగా నాలుగేళ్లు. మూడేళ్లు చదువు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీ పాఠాలు ఏ కాలేజీలో చెప్పినా పెద్ద తేడా రాదు. పుస్తకాలు అవే, ఇప్పుడైతే వీడియోలూ అవే. విద్యార్థుల మధ్య తేడా వచ్చేది రెండో ఏడాది నుంచి మొదలయ్యే పోస్టింగుల్లో, ఆ తర్వాతి ఇంటర్న్‌షిప్‌లో. నౌకాదళం నుంచి వచ్చిన ఆ నలుగురికి ఉన్న అనుభవం మన పిల్లలకు ఇక్కడే దొరకాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆసుపత్రి దృష్టిలో ఇంటర్న్ విద్యార్థే కాదు, చౌకగా దొరికే పనిమనిషి కూడా. డ్యూటీ డాక్టరు జీతంతో పోలిస్తే స్టైపెండ్ చాలా తక్కువ. మూడు నెలల్లో ఆ యూనిట్ ఫైళ్లు, ఆ కన్సల్టెంట్ అలవాట్లు పట్టేసిన కుర్రాడిని నాలుగో నెల వేరే విభాగానికి పంపాలంటే యూనిట్‌కు నష్టం. 'బాగా చేస్తున్నావు, ఇక్కడే ఉండు' అంటారు. విద్యార్థికి అది మెప్పుగానే అనిపిస్తుంది. ఏడాది ముగిసేసరికి అతనికి ఒకే విభాగపు డిశ్చార్జ్ సమ్మరీలు వేగంగా రాయడం వచ్చి ఉంటుంది, ఛాతీనొప్పితో వచ్చిన కొత్త రోగిని ఏమేం అడగాలో వచ్చి ఉండదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. ఖర్చు లెక్కే ఆ దారిలో నడిపిస్తుంది. కాబట్టి కోర్సు నాణ్యతను పట్టిచ్చే మొదటి కాగితం పోస్టింగ్ రోస్టర్. జనరల్ మెడిసిన్, సర్జరీ, ఎమర్జెన్సీ, ఐసీయూ, పిల్లల విభాగం, ప్రసూతి ఇవన్నీ అందులో ఉన్నాయా? ఉంటే, నిజంగా తిప్పుతున్నారా?

రెండోది లాగ్‌బుక్. మంచి లాగ్‌బుక్‌లో ప్రతి నైపుణ్యానికీ మెట్లుంటాయి. చూశాడు, సాయం చేశాడు, పర్యవేక్షణలో తానే చేశాడు. ప్రతి మెట్టు దగ్గరా ఆ రోజు పక్కనున్న డాక్టరు సంతకం, తేదీ ఉంటాయి. నెలాఖరున ఒకే కూర్చున్న మీద, ఒకే పెన్నుతో ముప్పై సంతకాలు పడిన పుస్తకం ఎలా ఉంటుందో ప్రాక్టికల్ రికార్డులు రాసిన ప్రతివారికీ తెలుసు. ఇంజినీరింగ్‌లో అది మార్కులతో పోతుంది. ఇక్కడ ఆ పుస్తకం పట్టుకునే ఒకరు ఐసీయూలో నైట్ డ్యూటీకి వెళ్తారు.

మూడోది, నేర్పేది ఎవరు. కన్సల్టెంట్‌కు తీరిక తక్కువ. నర్సింగ్ ట్యూటర్‌కు తన విద్యార్థులు తనకున్నారు. ఏ కోర్సులోనైనా పది పదిహేనేళ్ల అనుభవమున్న సీనియర్ పీఏలు బోధనలో ఉంటే అది పెద్ద బలం. ఎక్కడ తాను చెయ్యాలో, ఎక్కడ ఆగి డాక్టరును పిలవాలో చూపించగలిగేది అదే పని చేస్తున్న మనిషి. చెన్నైలో అలాంటివారు తయారు కావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆంధ్రలో వారి కొరత సహజమే గానీ, కొత్తగా పెట్టే కోర్సులకు ఇదే అసలు అడ్డంకి. భవనం కట్టడం కన్నా ఇది కష్టం.

విశాఖకు ఉన్నదీ లేనిదీ

కేసుల వైవిధ్యానికి మాత్రం ఈ ఊళ్లో లోటు లేదు. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ, దాని బోధనాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే కాక ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు నుంచీ రోగులు వస్తారు. ఉద్దానం నుంచి కిడ్నీ రోగులు, పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి మలేరియా, సికిల్ సెల్ కేసులు, పరవాడ, అచ్యుతాపురం పరిశ్రమల నుంచి కాలిన గాయాలు, జాతీయ రహదారి మీది ప్రమాదాలు, ఇవన్నీ చేరేది ఈ నగరానికే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు లీకైన తెల్లవారుజామున వందలమంది ఒక్కసారిగా ఆసుపత్రులకు చేరారు. అలాంటి వేళ ఎవరిని ముందు చూడాలో తేల్చే తొలి వడపోత ఎలా చెయ్యాలన్నది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. హనుమంతవాక, ఆరిలోవ హెల్త్ సిటీ, షీలానగర్ వైపు ప్రైవేటు సూపర్ స్పెషాలిటీ పడకలు పెరిగాయి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

కేసులున్నంత మాత్రాన విద్యార్థికి అందుబాటులో ఉన్నట్టు కాదు. బోధనాసుపత్రిలో రోగి చుట్టూ మొదటి వరుసలో పీజీలు, రెండో వరుసలో హౌస్ సర్జన్లు, ఎంబీబీఎస్ విద్యార్థులు ఉంటారు. నర్సింగ్, ఫార్మ్-డి, పారామెడికల్ డిప్లొమా విద్యార్థులూ అదే వార్డులో ఉంటారు. పీఏ విద్యార్థి మూడో వరుసలో మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తే ఎంత పెద్ద ఆసుపత్రైనా ఒకటే. కార్పొరేట్ ఆసుపత్రిలో వరుసలు తక్కువ, కన్సల్టెంట్‌కు దగ్గరగా ఉండొచ్చు. కానీ డబ్బు కట్టిన రోగి విద్యార్థి చేత పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకోకపోవచ్చు, కొన్ని ఆసుపత్రుల్లో ఒకటి రెండు విభాగాల కేసులే ఎక్కువగా ఉంటాయి. రెండు రకాల చోట్లా కొన్ని నెలలు తిప్పే కోర్సు ఈ రెంటి లోపాలనూ కొంత పూడుస్తుంది. 'అనుబంధ ఆసుపత్రి ఎన్ని పడకలది' అన్న ప్రశ్న కన్నా 'ఒక యూనిట్‌లో ఒకేసారి ఎంతమంది విద్యార్థులుంటారు' అన్న ప్రశ్న ఎక్కువ చెబుతుంది.

భాష విషయంలో ఇక్కడ చదివేవారికి ఒక మేలుంది. రోగి చరిత్ర రాబట్టడమే పీఏ పనిలో సగం. ఉత్తరాంధ్ర యాసలో 'ఒళ్లు బాగోలేదు' అన్నదాని వెనుక జ్వరమో, నీరసమో, ఆయాసమో విడదీసి అడగగలగాలి. ఏజెన్సీ నుంచి వచ్చినవారితో ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో మాట్లాడే బంధువును మధ్యలో పెట్టుకుని అడగాలి. చెన్నైలో చదివే తెలుగు విద్యార్థికి తొలి ఏడాది తమిళంలో ఈ ప్రశ్నలు అడగడమే టెన్షన్. అక్కడి శిక్షణ గట్టిదే అయినా, కొంతకాలం అతను రోగి మాట కన్నా ఫైలు మీదే ఆధారపడాల్సి వస్తుంది.

2021 చట్టం ఏం మారుస్తుంది

ఇన్నాళ్లూ ఈ వృత్తికి ఎంసీఐ లాంటి, నర్సింగ్ కౌన్సిల్ లాంటి పెద్దదిక్కు లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పది విభాగాల్లో 50కి పైగా వృత్తులను ఒక గొడుగు కిందికి తెచ్చింది. అందులో ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరుతో ఈ వృత్తీ ఉంది. బ్రోషర్లలో అసిస్టెంట్ అనీ అసోసియేట్ అనీ రెండు పేర్లూ కనిపించడానికి కారణం ఇదే. చట్టం ప్రకారం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలి. రాష్ట్ర కౌన్సిల్ ముందస్తు అనుమతి లేకుండా కొత్త కోర్సు పెట్టకూడదు, సీట్లు పెంచకూడదు. వృత్తిలో ఉన్నవారి పేర్లు రాష్ట్ర, కేంద్ర రిజిస్టర్లలోకి ఎక్కాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఉమ్మడి ప్రవేశ పరీక్ష, ఎగ్జిట్ లేదా లైసెన్స్ పరీక్ష ఏర్పాటు చేయడం కమిషన్ విధుల్లో ఉంది. అది నిజంగా మొదలైన రోజున కాలేజీల పేర్ల సంగతి రెండు మూడు బ్యాచ్‌ల్లో తేలిపోతుంది.

కాగితం మీది నుంచి నేల మీదికి దిగడానికే చాలా సమయం పట్టింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్ల ఏర్పాటు నత్తనడక నడవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని రెండు నెలల్లో చట్టం అమలుకు చర్యలు తీసుకోవాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో పది వృత్తులకు దేశవ్యాప్త పాఠ్యప్రణాళికలు విడుదలయ్యాయి. ఫిజీషియన్ అసోసియేట్ వాటిలో ఒకటి. అదే ఏడాది యూజీసీ, ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. వార్డు అక్కర్లేకుండా ఇంటి నుంచే ఆరోగ్య డిగ్రీ అనే వ్యాపారానికి ఇది గట్టి దెబ్బే.

ఒకే పాఠ్యప్రణాళిక వచ్చినంత మాత్రాన నాణ్యత ఒకటవదు. సిలబస్‌లో ఎమర్జెన్సీ పోస్టింగ్ ఇన్ని గంటలు అని రాసి ఉన్నా, ఆ గంటలు క్యాజువాలిటీలో గడిచాయో, రిసెప్షన్ పక్కన ఫైళ్లు సర్దుతూ గడిచాయో చూసే కన్ను ఉండాలి. వైద్య కళాశాలల తనిఖీల రోజున అద్దె రోగులు, అద్దె ప్రొఫెసర్లు ప్రత్యక్షమైన కథలు ఈ దేశంలో కొత్తవి కావు. తనిఖీ కన్నా ఎగ్జిట్ పరీక్ష ఫలితాలను కాలేజీల వారీగా ప్రచురించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేస్తుందని అనిపిస్తుంది.

పరిధి తేలకపోవడం వల్ల వచ్చే చిక్కు

పీఏ ఏం చెయ్యొచ్చన్నది ఆసుపత్రిని బట్టి మారుతోంది. ఒకచోట థియేటర్‌లో మొదటి అసిస్టెంటు, ఇంకోచోట అపాయింట్‌మెంట్లు చూసే మనిషి. ఉద్యోగం రూపం ఇంత వదులుగా ఉంటే కోర్సు కూడా తన అనుబంధ ఆసుపత్రి అవసరానికి తగ్గట్టే విద్యార్థిని తయారుచేస్తుంది. రెండోవైపు ప్రమాదమూ ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ డాక్టరు కానివారు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. రాత్రి డ్యూటీలో డాక్టరు లేనప్పుడు 'నువ్వే చూసుకో' అనే ఆసుపత్రిలో, ఆ మాట అన్నవారి కన్నా విన్నవారికే ఇబ్బంది ఎక్కువ.

ప్రభుత్వ రంగంలో వేరే దారి నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ క్లినిక్కుల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా, బీఎస్సీ నర్సింగ్ చదివినవారిని పెట్టారు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల వైద్య కోర్సు పెట్టి, అందులో చదివినవారిని రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించింది. పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా పరిశోధకులు వారిని పరీక్షిస్తే ప్రాథమిక వైద్యంలో ఎంబీబీఎస్ డాక్టర్లకు దాదాపు సమానంగా నిలిచారు. అయినా ఆ కోర్సు కొన్నేళ్లకే ఆగిపోయింది. అస్సాం పెట్టిన అలాంటి కోర్సుకు ఆధారమైన చట్టాన్ని గువాహటి హైకోర్టు 2014లో కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. శిక్షణ బాగున్నా చట్టపరమైన చోటు లేకపోతే వృత్తి నిలబడదని ఈ రెండు రాష్ట్రాల అనుభవం చెబుతోంది.

బ్రిటన్‌లో ఇంకో రకం కథ. అక్కడ పీఏల సంఖ్య వేగంగా పెరిగి, రోగులు తమను చూసింది డాక్టరే అనుకున్న సందర్భాల మీద పెద్ద వివాదం రేగింది. 2024 డిసెంబరులో జనరల్ మెడికల్ కౌన్సిల్ వారిని నియంత్రణలోకి తెచ్చింది. 2025 జులైలో వచ్చిన లెంగ్ సమీక్ష, రోగం ఏమిటో ఇంకా తేలని కొత్త రోగులను స్పష్టమైన జాతీయ నిబంధనల పరిధిలో తప్ప పీఏలు చూడకూడదనీ, అసోసియేట్ అన్న హోదా పేరును తిరిగి అసిస్టెంట్‌గా మార్చాలనీ సిఫార్సు చేసింది. పరిధి గీయకుండా సంఖ్య పెంచితే ఆ తర్వాత వెనక్కి లాగాల్సి వస్తుంది. అప్పటికే చదివినవారు మధ్యలో ఇరుక్కుంటారు.

రాబోయే రెండు మూడేళ్లు

రాష్ట్ర కౌన్సిల్ అనుమతుల ప్రక్రియ గట్టిపడితే సొంత ఆసుపత్రి లేని కాలేజీలకు ఇబ్బంది మొదలవుతుంది. అవి ఆసుపత్రులతో ఒప్పందాలు చేసుకోవాలి. విశాఖలో పడకలు పెరుగుతున్నా ఒక యూనిట్ ఎంతమందిని భరించగలదన్నదానికి హద్దుంది కాబట్టి, ఒకే ఆసుపత్రి పేరు రెండు మూడు బ్రోషర్లలో కనిపించే పరిస్థితి రావచ్చు. సొంత ఆసుపత్రి ఉన్న సంస్థలు ఈ కోర్సులోకి మరిన్ని రావచ్చు. వాటికి ఫీజూ వస్తుంది, ఇంటర్నూ వస్తాడు.

ఇప్పుడు చేరబోయేవారు అడగాల్సిన కాగితాలు నాలుగున్నాయి. కోర్సుకు ఉన్న అనుమతి పత్రం, గత ఏడాది నిజంగా అమలైన పోస్టింగ్ రోస్టర్, సీనియర్ విద్యార్థి నింపిన లాగ్‌బుక్, రెండు బ్యాచ్‌ల కిందట బయటికెళ్లినవారు ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారన్న జాబితా. మొదటి దాన్ని అన్ని కాలేజీలూ చూపిస్తాయి. మిగతా మూడింటి దగ్గర వచ్చే తడబాటే చాలా సంగతులు చెబుతుంది. ఇప్పటికే చదువుతున్నవారు తమ మార్కుల జాబితాలో గంటల వివరం, ఇంటర్న్‌షిప్ కాలం స్పష్టంగా నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. రేపు రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకునేటప్పుడు కౌన్సిల్ అడిగేవి ఇలాంటి వివరాలే. కాలేజీ వదిలి ఐదేళ్లయ్యాక వాటిని సరిచేయించుకోవడం ఎంత కష్టమో వర్సిటీ పరీక్షల విభాగం కిటికీ ముందు నిలబడినవారిని అడిగితే చెబుతారు.